మా అక్క చేతి వంట

మొన్న ఆత్మకూరు నుంచి వచ్చిన మనవరాలు ఫోను నా ముందు పెట్టింది. అందులో మా అక్క కొడుకు తెల్లకోటు తొడుక్కుని, పొడుగు టోపీ పెట్టుకుని మాట్లాడుతున్నాడు. నలభై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి గనక కింద వేసిన మాట కూడబలుక్కుని చదివాను: హెడ్ చెఫ్. పెద్ద హోటల్లో మిగతా వంటవాళ్ళ మీద పెత్తనం చేసే వంటవాడన్నమాట. ఇలాంటివాళ్ళని ఆ ఫోనులో చాలామందినే చూశాను. ఎవణ్ణి కదిపినా ఒకటే పాట, అమ్మ చేతి వంటే నాకు బడి అని. మావాడూ చింతచిగురు మాంసం గిన్నె ఎత్తి చూపించి, కళ్ళు తుడుచుకుని, అదే పాడాడు. కన్నీళ్ళు కూడా వడ్డించే సరుకే వీళ్ళకి.

మా అక్క మంచిదే, వంట మాత్రం రాదు. ఆమె కెలికిన సంగటి గోడకు కొడితే గోడే రాలిపోయేది. మర్రిపాడు దిక్కున మా ఊళ్ళో ఈ సంగతి తెలియని ఇల్లు లేదు. వాడికి వంట నేర్పింది మా బావ. కోతలయ్యాక మేం గొర్రెలు తోలుకుని చేజర్ల పోయి, పొలాల్లో మంద నిలిపినన్నాళ్ళూ అక్కడ ఆడవాళ్ళుండరు. మగవాళ్ళే వండుకోవాలి. కాలు విరిగిన పొట్టేలును కోసిన రోజు బావ మూడు రాళ్ళ మీద సట్టి పెట్టి, చింతచిగురు అరచేతుల్లో నలిపి వేస్తుంటే, ఆ వాసనకు పక్క మందల వాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్ళు. బడి సెలవుల్లో మా వెంట వచ్చిన వీడు ఆ సట్టి అడుగు గోకి తిన్నవాడే.

ఫోను ఆడినంతసేపూ బావ నా పక్కనే, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తన మాట ఎప్పుడొస్తుందా అని కూర్చున్నాడు. రాలేదు. నాకు మండి, అప్పటికప్పుడే వాడికి ఫోను కలపమన్నాను.

"ఏంరా, మీయమ్మ ఎప్పుడు వండిందిరా ఆ కూర? మీ నాయన ఏమైనాడు?"

"నాయనంటే జనానికి ఎక్కదు మామా. అమ్మంటేనే చూస్తారు. వీడియో తీసేవాళ్ళు అట్టనే చెప్పమన్నారు నన్ను."

"థూ! నీ టోపీ తగలెయ్య!"

స్పీకర్లో మోగిన మాటలన్నీ బావ విన్నాడు. లేచి అరుగు మీదికి పోయి కూర్చున్నాడు.

అక్క మొదట "నేనా?" అని నోరు నొక్కుకుంది. వారం తిరక్కముందే, ఉదయగిరి చుట్టాలు వచ్చి అడిగితే, చిగురు ఎంత వెయ్యాలో చెప్పడం మొదలుపెట్టింది. ఇప్పుడైనా నోరు తెరుస్తాడని బావ వైపు చూశాను. తెరిచాడు.

"అవును, దీని చేతిదే ఆ కూర," అన్నాడు.

చుట్టాలు పోయాక నిలదీశాను.

"వాడు అంతమందిలో చెప్పినాక నేను కాదంటే, బిడ్డ అబద్ధాలకోరు అయిపోడంట్రా?"

మనిషి పోయాక అతను చేసినదాన్ని కాలం మెల్లగా చెరిపేస్తుందని అనుకునేవాణ్ణి. దానికి అంత ఓపిక లేదు. మా బావ ఇంకా అరుగు మీద కూర్చుని ఉండగానే, అతని చేతే ఆ పని చేయించేసింది.