దానిమ్మ గింజ తిన్న పిల్ల

టెక్కలి నుంచి ఫోను వచ్చేసరికి పలాసలో జీడి కార్మికుల సభలో మాట్లాడుతున్నాను. ఎత్తలేదు. వేదిక దిగాక తెలిసింది, డిగ్రీలో మాకు ఇంగ్లిషు చెప్పిన మేడం ఆ పొద్దున్నే పోయారని. అప్పటిదాకా నేను చప్పట్లు కొట్టించుకున్న మాట ఆవిడదే. ఆవిడదని చెప్పలేదు. ఏ సభలోనూ చెప్పలేదు.

తొంభైల చివర్లో మాకో కొత్త కథ పాఠంగా ఉండేది. జీడిపిక్కలు ఒలిచే తల్లి. కూతుర్ని ఒక మేస్త్రీ పనికని దూరం తీసుకుపోతాడు. తల్లి పని మానేసి, పొయ్యి వెలిగించకుండా గుమ్మంలో కూర్చుంటుంది. పిచ్చెక్కిందని క్లాసంతా తేల్చేశాం. మేడం కాదనలేదు. గ్రీకుల పంటల దేవత కథ వెతికి చదువుకు రమ్మని లైబ్రరీకి తోలారు. పాతాళపు రాజు కూతుర్ని ఎత్తుకుపోతే ఆ తల్లి భూమ్మీద గింజ మొలవనివ్వలేదు. దేవుళ్లే దిగొచ్చారు. పిల్లను వదిలారు గానీ, అప్పటికే అది పాతాళంలో దానిమ్మ గింజలు తినేసింది. అక్కడి తిండి తిన్నవాళ్లు అక్కడివాళ్లే; అందుకని ఏటా కొన్ని నెలలు అక్కడికే తిరిగి పోవాలి.

"ఇప్పుడు సెప్పండి. మన కథలో తల్లిది పిచ్చా, సమ్మా?" అన్నారు.

సమ్మె! ఆ ఒక్క మాటతో పాతికేళ్లు ఉపన్యాసాలిచ్చాను.

"గ్రీకు పేరు రాసినందుకు మార్కులెయ్యను. ఆ పేరు వల్ల కథలో కొత్తగా ఏటి కనబడిందో రాస్తే ఏస్తాను" అనేవారు. బాప్టిస్టు చర్చికి వెళ్లే మనిషి విగ్రహాల కథలు చెప్పడమేమిటని చర్చివాళ్లు గొణిగారు. మన పురాణాలు లేవా అని మిగతావాళ్లు గొణిగారు. అసలు పురాణాలే ఎందుకని నేను అరిచాను.

"ఉద్దానంలో తాగడానికి మంచినీళ్లు లేవు మేడం. రాజుల కథలు మాకెందుకు?"

"రాజుల కథల్లోనే పనోళ్ల గొంతు దాక్కుంటాది బాబూ. ఎతుకు."

ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోను. కానీ ఎవరూ వెతకమనని చోట వెతకడం నేర్పింది ఆవిడే.

ఒకరోజు కాశీబుగ్గ బజారులో కొన్న దానిమ్మ తెచ్చి, ఒలిచి, బల్లకో గింజ పెట్టారు. "ఆ పిల్ల ఎందుకు తిన్నాదో సెప్పి, అప్పుడు తినండి." నేను లేచాను. ఎర అన్నాను, కుట్ర అన్నాను, దోపిడీ అన్నాను. మందస నుంచి బస్సులో వచ్చే అమ్మాయి చెయ్యెత్తింది. నేను ఆగలేదు. గంట కొట్టేశారు.

ఆ తర్వాత ఎక్కడ కలిసినా మేడం అదే అడిగేవారు. "పిల్ల ఎందుకు తిన్నాదో తేలిందా?" రిటైరయ్యాక ఓసారి మా సభకొచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. "బాగా సెప్పావు. తల్లి దగ్గరే ఆగిపోతన్నావు. పిల్ల మాటేటి?" అన్నారు. నవ్వేసి తర్వాతి సభకు బయల్దేరాను.

ఆ సాయంత్రం సమాధి దగ్గర పాస్టరుగారు పాత స్టూడెంట్లలో ఇద్దరిని రెండేసి మాటలు చెప్పమన్నారు. నేను ముందు. ఆవిడ మీద గొణిగినవాళ్లందరినీ ఆవిడ పెట్టె పక్కనే నిలబడి కడిగేశాను. అన్నదాంట్లో ఒక్క మాటా వెనక్కి తీసుకోను. కానీ ఈలోగా మబ్బు కమ్మింది, చినుకులు మొదలయ్యాయి. పాస్టరుగారు ప్రార్థన అందుకున్నారు. రెండో మనిషి మాట్లాడనే లేదు. చూస్తే, ఆ మందస అమ్మాయి. ఇప్పుడు జుట్టు నెరిసిన టీచరు.

గేటు దగ్గర ఆపి అడిగాను. "ఆ రోజు క్లాసులో ఏం చెప్పాలనుకున్నావు?"

"పెద్ద మాటేటి కాదు అన్నా. ఆ పిల్లకి ఆకలేసుంటాది. కింద రాజు, పైన దేవుళ్లు, ఇటు తల్లి. అందరూ తగువులోనే ఉన్నారు. ఏటైనా తిన్నావా అని పిల్లని ఒక్కరైనా అడిగినారా?"

"మేడంకి చెప్పావా ఈ మాట?"

"మర్నాడే సెప్పాను. 'ఆడికి నువ్వు సెప్పకు, ఆడే వొచ్చి అడగాల' అన్నారు."

వెనక మట్టి కప్పుతున్నారు. ఆమె సంచిలోంచి అరటిపండు తీసి నా చేతిలో పెట్టింది. "పొద్దున్నుంచీ అరుస్తనే ఉన్నావు. ఏటైనా తిన్నావా?"

దానిమ్మ తెచ్చిన ఆ రోజు, గంట కొట్టాక క్లాసంతా గింజలు నోట్లో వేసుకుని వెళ్లిపోయారు. నా బల్ల మీది గింజ ఒక్కటే మిగిలింది. దాన్ని మేడం చీర కొంగుతో తుడిచి, చాక్‌పీసుల డబ్బాలో వేసి మూత పెట్టడం, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగిన నేను చూశాను.