పసుపు పూసిన పట్టాలు

దయ్యాలు లేవని బరంపురంలో సభలు పెట్టి వాదించినవాణ్ణి. సోదె చెప్పేవాళ్లను ముఖం మీదే నిలదీసినవాణ్ణి. ఆ మాటలేవీ ఈరోజు వెనక్కి తీసుకోవడం లేదు. జరిగింది మాత్రం రాస్తున్నాను.

ఒరిస్సా రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. నా మిత్రుడు సూర్యం తమ బట్టల కొట్టు మేడ మీద, పెద్ద బల్లపై కరెంటు బొమ్మరైలు అమర్చుకున్నాడు. కలకత్తా నుంచి తెప్పించిన ఇంజను, ఇనుప పట్టాలు, వాటికి ఒక మోటారు కారు బ్యాటరీ. విషజ్వరంతో అతను పోయాక, ఆ ఏడు దసరా దాటగానే రైలు మొరాయించింది. ఇంట్లో ఎవరు నడిపినా బ్యాటరీ దగ్గర బాగానే కదిలేది. కిటికీ వైపు మలుపులో ఆగిపోయేది. ఆ కిటికీ దగ్గరే అతని భార్య నీలవేణి కూర్చునేది.

అంతే చాలింది. కోడలి నీడ పడి రైలు ఆగుతోందని, కొడుకే ఆమెను వద్దంటున్నాడని అత్తగారు చిట్టెమ్మ తేల్చేసింది. నీలవేణిని సోనేపూర్ పంపడానికి బండి కూడా మాట్లాడారు. అక్కడ పుట్టింట్లో సవతితల్లి తప్ప ఆమెకెవరూ లేరు. నాకు ఒళ్లు మండింది. అసలు కారణం పట్టి చూపిస్తానని ఒక మధ్యాహ్నం వెళ్లాను.

చిన్న బల్బుకు రెండు తీగలు కట్టి, పట్టాలకు ఆనిస్తూ పోయాను. బ్యాటరీ దగ్గర బాగా వెలిగింది. ఒక్కో అతుకూ దాటేకొద్దీ మసకబారింది. మలుపులో ఆరిపోయింది. అక్కడ గోటితో గీకితే పసుపు వచ్చింది. ఆయుధపూజనాడు కొట్లో కత్తెరకూ గజంబద్దకూ రాసినట్టే, కొడుకు రైలుకూ చిట్టెమ్మ నూనె కలిపిన పసుపు పట్టించింది. అది అతుకుల్లోకి దిగి ఎండి, కరెంటుకు అడ్డుపడింది.

ఆ సంగతే చిట్టెమ్మకు చెప్పాను.

"పసుపు అడ్డమొస్తాదేటి బాబూ? సదువుకున్నోడివి, ఏదో ఒకటి సెప్తావు," అంది.

గరుకు కాగితంతో పట్టాలు రుద్ది, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, అతుకులు బిగించాను. రైలు మలుపు దాటి చుట్టూ తిరిగింది. గెలిచాననుకున్నాను.

"నువ్వు నడిపితే నడిసింది. ఆడు నడిపింది కాదు కదా," అంది చిట్టెమ్మ. మర్నాడు బండి వస్తుందని కూడా చెప్పింది.

ఇక చేసేదేమీ లేక బ్యాటరీ తీగలు ఊడదీసి చుట్ట చుట్టాను. ఆ చుట్ట నా చేతిలో ఉండగానే రైలు కదిలింది. మెల్లగా మలుపు తిరిగి, నీలవేణి ఎదుట ఆగింది. ఆమె ఇంజను మీద చెయ్యి వేసి తల వంచుకుంది.

బల్ల వాలుగా ఉందేమోనని గోలీ పెట్టి చూశాను. అది కిటికీ వైపు కాక అవతలి వైపుకు దొర్లింది. గాలి లేదు. బల్లను ఎవరూ తాకలేదు. ఒకటికి నాలుగుసార్లు అన్నీ చూసుకున్నాను.

చిట్టెమ్మ, "బండొద్దని సెప్పు బాబూ. ఆడు దానికాడికే ఎల్లాడు," అంది.

నీలవేణి ఆ ఇంట్లోనే ఉండిపోయింది. తర్వాత కొట్లో గల్లా దగ్గర కూర్చునేది కూడా ఆమే.

దాన్ని దయ్యమని నేను ఇప్పటికీ అనను. కానీ కళ్లెదుట రుజువు చేసి చూపించిన కారణం ఆమెను ఆ ఇంట్లో ఒక్క రోజు కూడా ఉంచలేకపోయింది. ఉంచినదేమిటో నాకు తెలియదు.