సైరన్ వజీర్ చూసిన వెలుగు

గోదావరిఖనిలో వజీర్‌ను అందరూ సైరన్ వజీర్ అనేవారు. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్‌కు ముందు సైరన్ మోగించడం, క్వారీలో ఎవరూ మిగల్లేదని తన కళ్ళతో చూసుకుని జెండా ఊపడం అతని డ్యూటీ. సైకిల్ మీద నుంచి పడి మోకాలు చెడ్డాక, గని లోపలి పని నుంచి తప్పించి ఈ పని ఇచ్చారు. మట్టిగుట్ట మీద ఒక రేకుల గది. అక్కడి నుంచి క్వారీ అడుగు, రామగుండం కరెంటు కేంద్రం పొగగొట్టాలు, దూరంగా గోదావరి కనిపిస్తాయి. నాలుగేళ్ళలో అతని జెండా కింద ఒక్కరికి కూడా చిన్న గీత పడలేదు.

1987 జనవరిలో ఒక సాయంత్రం డ్యూటీ ముగించి గుట్ట దిగబోతుంటే పడమటి ఆకాశంలో తెల్లగా ఏదో మెరిసింది. కదల్లేదు. పొద్దు గుంకినా ఆరిపోలేదు. మెల్లగా ఎర్రబడి, చివరికి మాయమైంది. పది రోజుల్లో అలాంటి వెలుగు మూడుసార్లు కనిపించింది.

క్యాంటీన్‌లో చెబితే తోటి కార్మికుడు ముత్యం నవ్వాడు. "వజీరన్నా, కండ్లల్ల బొగ్గుదుమ్ము పడ్డట్టుంది."

మాట మేనేజర్ వీర్రాజు దాకా పోయింది. ఆయన కోస్తా నుంచి వచ్చినవాడు, చెడ్డవాడు కాదు. "ఆకాశంలో లేనివి చూసేవాడు కింద ఉన్న మనుషుల్ని సరిగ్గా చూస్తాడని ఏమిటి నమ్మకం?" అన్నాడు. దవాఖానలో కళ్ళ పరీక్ష అయ్యేదాకా వజీర్‌ను హాజరు వేసే టైమాఫీసు బయట కూర్చోమన్నారు. ఆ ప్రశ్న తప్పని వజీర్‌కు కూడా అనిపించలేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

ఇంట్లో అన్నం ముందు ఊరికే కూర్చున్నాడు. భార్య మైమూనా అడిగింది. "నువ్వు చూసినవా, లేదా?"

"చూసిన."

"మరి ఎవరడిగినా గదే చెప్పు. ఫికర్ ఎందుకు?"

వారం తిరక్కుండా ఒక జీపు వచ్చింది. అందులో వాయుసేన పైలట్లు ఇద్దరు. ఆకాశంలో కనిపించిన వెలుగు గురించి వాకబు చేస్తున్నారు. కరెంటు కేంద్రం వాళ్ళుండే జ్యోతినగర్‌లో చాలా ఇళ్ళు తిరిగారట, చూశామని ఒప్పుకున్నవాళ్ళు లేరు. టైమాఫీసు గుమాస్తా ఆగయ్య వజీర్ వైపు చెయ్యి చూపించాడు.

వాళ్ళలో పెద్దవాడు స్క్వాడ్రన్ లీడర్ చక్రపాణి, కాకినాడ మనిషి. వజీర్ అతనితో ముందే అన్నాడు. "గిది చెప్పినందుకే నా డ్యూటీ పోయేటట్టుంది సాబ్. అయినా చెప్త."

"నాదీ అదే పరిస్థితి," అన్నాడు చక్రపాణి. "విమానంలోంచి నేనూ దాన్ని చూశాను. ఎంత పైకి వెళ్ళినా అందలేదు. రాడార్‌లో ఏమీ లేదు. మా వాళ్ళు నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి పంపారు."

ముగ్గురూ గుట్టెక్కారు. వజీర్ చెయ్యి చాచి పిడికిలి బిగించి, పొగగొట్టం కొస నుంచి రెండు పిడికిళ్ళు పైకి కొలిచి చూపించాడు. "ఈడ ఉండె. మనకు పొద్దు గుంకింది గని, దానికి గుంకలె సాబ్. ఇంకా ఎండ పడుతనే ఉండె. గడియారం చూసిన, పొద్దు గుంకినంక ఇరవై ఏడు నిమిషాలు వెలిగింది."

రాసుకుంటున్న చక్రపాణి ఆగిపోయాడు. "మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పాడు. చక్రపాణి రేకుల గది మెట్టు మీద కూర్చుని కాగితం నిండా లెక్క కట్టాడు. "ముప్పై కిలోమీటర్ల ఎత్తు దాకా ఉంటుంది. నా విమానం అందులో సగం ఎక్కితే గొప్ప," అన్నాడు. ఎన్నో రోజుల తర్వాత అతని ముఖం తేటపడ్డట్టు కనిపించింది.

మూడు వారాలకు చక్రపాణే తిరిగి వచ్చి సంగతి చెప్పాడు. అది హైదరాబాదు నుంచి శాస్త్రవేత్తలు పరికరాలు కట్టి వదిలిన బెలూన్. పల్చటి ప్లాస్టిక్ కాబట్టి రాడార్‌కు చిక్కలేదు. మొదటి రెండు తేదీలు సరిపోయాయి. మూడో రోజు మాత్రం ఎవరూ ఏమీ వదల్లేదు.

"మరి గది ఏంది సాబ్?"

"తెలియదు. రిపోర్టులో తెలియదనే రాశాను."

అలా కూడా రాయొచ్చని వజీర్‌కు అప్పుడే తెలిసింది. ఆ మాట అతనికి బాగా నచ్చింది.

బెలూన్ వదిలిన రెండు రోజులకూ సాక్షి చెప్పిన సమయాలు శాస్త్రవేత్తల లెక్కతో నిమిషం తేడా లేకుండా సరిపోయాయని చక్రపాణి ఇచ్చిన ఉత్తరం వీర్రాజు రెండుసార్లు చదివాడు. వజీర్‌ను పిలిచి, "ఇక పరీక్ష అక్కర్లేదు, రేపటి నుంచి పైకెక్కు. ఓ సాయంత్రం నేనూ వస్తాను, ఆ చోటు నాక్కూడా చూపించు," అన్నాడు. వచ్చాడు కూడా. తర్వాత జ్యోతినగర్ నుంచి ఒక్కొక్కరే రాసాగారు. అప్పుడు లేదన్నవాళ్ళు, తామూ చూశామని గుట్ట మీద నిలబడి చెప్పారు.

1994లో వజీర్ రిటైరైనప్పుడు సైరన్‌ను తన తర్వాత ఆ పనికి వచ్చిన సదయ్యకు అప్పగించాడు. "ముందుగాల మంచిగ చూడు. అటెన్క మోగియ్యి. ఏం కనబడ్డా చెప్పు, నవ్వుతరని ఆగకు," అన్నాడు.

మర్నాడు మైమూనాతో కలిసి మంచిర్యాల బస్సెక్కాడు. అక్కడ వాళ్ళ కొత్త ఇంటికి పడమటి వైపు అడ్డం ఏమీ లేదు.