మొగిలమ్మ చెవుల్లో పత్తి

హన్మకొండలో నన్ను మంచి డ్రిల్లు టీచరంటారు. అననివ్వండి. వాళ్లకు మొగిలమ్మ సంగతి తెలియదు.

మాది డోర్నకల్. నాన్న జ్ఞానప్రకాశం రైల్వేలో పనిచేసేవాడు. 1974లో నాకు కేసముద్రంలో ఉద్యోగం వచ్చింది. అక్కడే దొరికింది మొగిలమ్మ, మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీ ఉప్పలయ్య బిడ్డ. పద్నాలుగేళ్లుంటాయి. మడమలు నేలకానకుండా మునివేళ్ల మీద నడిచేది. ఎవరి కళ్లలోకీ చూసేది కాదు. ప్రశ్న అడిగిందంటే జవాబు వచ్చేదాకా నిలబడ్డ చోటు నుంచి కదిలేది కాదు. అబద్ధమాడటం రాదు, ఎదుటివాళ్లు ఆడతారనీ తెలియదు. ఊళ్లో పిచ్చి మొగిలి అనేవాళ్లు. వాళ్ల నోళ్లు పడిపోను! ఆ పిల్ల ఉత్తకాళ్లతో యార్డు చుట్టూ పరుగెత్తుతుంటే హమాలీలు బస్తాలు దించి మరీ చూసేవాళ్లు.

నాలుగేళ్లు నా దగ్గరే పరుగు నేర్చుకుంది. ఎనిమిది వందల మీటర్లలో రాష్ట్రం మొత్తం మీద దాని దరిదాపుల్లోకి వచ్చే ఆడపిల్ల లేకుండా పోయింది.

చిక్కల్లా పిస్తోలుతోనే. పరుగు మొదలుపెట్టించే ఆ చప్పుడు వింటే దానికి పై ప్రాణాలు పైనే పోయేవి. ఉపాయం తనే కనిపెట్టుకుంది. యార్డులో గోనె బోరాల నుంచి రాలిన పత్తిని ఉండలు చేసి చెవుల్లో కుక్కుకునేది. పిస్తోలు పట్టుకున్న చేతినే చూస్తూ నిలబడి, పొగ కనబడగానే దూకేది. అలాగే అన్ని పోటీలూ గెలిచింది.

1978లో జాతీయ శిబిరానికి ఎంపిక పోటీలు హన్మకొండలో పెట్టారు. శిబిరానికి వెళ్లిన పిల్లలకు ఆటల కోటాలో నౌకరీ దొరికేది. ఉప్పలయ్యకు అప్పటికే నడుము పడిపోయింది. పోటీల ముందు రోజు నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"నేను పోతే దీన్ని ఎవలు సూస్తరు టీచరమ్మా? గా నౌకరి ఒక్కటి వస్తె నాకు ఫికర్ లేదు" అన్నాడు. నేను మాటిచ్చాను.

మర్నాడు గ్రౌండులో మిగతా జిల్లాల టీచర్లు దాని చెవుల్లో పత్తి చూసి ముసిముసిగా నవ్వుకున్నారు. చెవిటిదాన్ని తీసుకొచ్చిందని ఒకావిడ నాకు వినపడేలాగే అంది. నాకు తల కొట్టేసినట్టయింది. చెవుడనుకుని శిబిరానికి తీసుకోరేమోనని భయపడ్డానని తర్వాత నాకు నేనే చెప్పుకున్నాను. అదంతా సాకు. నాకు సిగ్గేసింది, అంతే. పత్తి తీసెయ్యమన్నాను. తియ్యనంది. చప్పుడుకు ఉలిక్కిపడినా పరుగందుకుంటుందిలే అనుకున్నాను.

"ఇయ్యాల పిస్తోల్ లేదు మొగిలీ. విజిలే" అన్నాను.

"నిజమా అక్కా?"

"నిజం."

ఆదివారంపూట చర్చిలో పిల్లలకు అబద్ధం పాపమని చెప్పేదాన్ని నేను. అది రెండు ఉండలూ తీసి నా అరచేతిలో పెట్టింది.

వెనకవైపు నుంచి పిస్తోలు పేలింది. ఏడుగురు పరుగెత్తారు. మొగిలమ్మ గీత మీదే కూలబడింది. రెండు చేతులతో చెవులు మూసుకుని, అరుస్తూ, నుదురు నేలకేసి కొట్టుకుంది. నలుగురు పట్టుకుంటే గానీ ఆగలేదు. ముఖమంతా రక్తం. మతిస్థిమితం లేదని ఎంపిక చేసేవాళ్లు కాగితం మీద రాసేశారు. నేను చెప్పిన అబద్ధం గురించి నోరు విప్పలేదు. పత్తి ఉండల్ని మోరీ నీళ్లలో పడేశాను.

ఆ నుదుటి గాయం చూశాక ఊరు దాన్ని పిచ్చిదని ఖాయం చేసేసింది. ఏదో దవాఖానకు తీసుకెళ్తే మాత్రలిచ్చారు. ఆ మాత్రలతో ఒళ్లు ఊరింది, నాలుక మందమైంది. మునివేళ్ల మీద నడిచే పిల్ల కాళ్లీడ్చుకుంటూ నడిచింది. చూడలేక హన్మకొండలో సుబేదారి బడికి బదిలీ చేయించుకున్నాను. పారిపోయాననే అనుకోండి.

1987లో ఉప్పలయ్య పోయాడని తెలిసి వెళ్లాను. మొగిలమ్మ యార్డులో రాలిన గింజలు ఊడ్చుకుని బతుకుతోంది. ఇరవై ఏడేళ్లకే నలభై దాటినదానిలా ఉంది. ఉండబట్టలేక హైదరాబాదులో డాక్టర్ కళావతి గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ విదేశంలో చదివొచ్చింది. రెండు రోజులు మొగిలమ్మతో మాట్లాడింది, చిన్నప్పటి సంగతులన్నీ నన్నడిగింది. దీన్ని ఆటిజం అంటారని, పుట్టుకతోనే మెదడు తీరు అంతేనని, పిచ్చి కానే కాదని చెప్పింది. ఇన్నేళ్ల మాత్రలూ దండగేనంది.

ఆ రోజుల్లో తెలిసుంటే ఏం చేయాల్సిందని అడిగాను.

"చెవుల్లో పత్తి పెట్టుకునేదన్నారు కదా. పెట్టుకోనిస్తే సరిపోయేది" అంది. అబద్ధం సంగతి ఆవిడకూ చెప్పలేదు.

కేసముద్రం స్టేషన్లో దిగాం. నేను డోర్నకల్ నుంచి వచ్చే బండిలో వరంగల్ వెళ్లిపోవాలి. నీది పిచ్చి కాదట మొగిలీ అన్నాను. నాకెరికే అంది. పట్టాల వైపు చూస్తూ అడిగింది.

"గా దినం పిస్తోల్ ఉన్నది గద అక్కా. లేదని ఎందుకన్నవ్?"

తొమ్మిదేళ్లుగా మరిచిపోయిందనుకున్నాను. నా సిగ్గు కోసం, ఎవత్తో నవ్విందని, నీ బతుకు తీశానని ఎలా చెప్పను? బండి వచ్చింది. ఎక్కి కూర్చున్నాను. కదిలాక కిటికీలోంచి చూశాను. మొగిలమ్మ అడిగిన చోటే నిలబడి ఉంది, జవాబు కోసం.