మా బావ చీపురు జామెట్రీ

మా బావ జ్ఞానానందం కంటపడిన చీపురు మర్నాటికి చీపురుగా ఉండదు. పుల్లలు విరిచి, నానిన శనగలకు గుచ్చి, ఇది ఘనం అంటాడు, అది పిరమిడ్ అంటాడు. పాతికేళ్ల పిచ్చి ఇది. ఈ జూన్ నుంచి ఇంకాస్త ముదిరి, కళ్లు గట్టిగా మూసుకుని మరీ గుచ్చుతున్నాడు. రేపల్లెలో ఆయన లెక్కల మాస్టారు, నేను అదే బడిలో గుమాస్తాని. ఆయన్ని కట్టుకున్న పాపానికి మా అక్క అన్నమ్మ ఇల్లు ఊడవాలంటే చీపురు కోసం పక్కింటి గడప ఎక్కాలి.

"ఏమండీ, గుగ్గిళ్లకని శనగలు నానేశానే, ఏవీ?"

"మూలల్లో ఉన్నాయి చూడు."

అక్క వంటింటి మూలలన్నీ వెతికింది. అవి బల్లమీద ఘనానికి ఎనిమిది మూలలై కూర్చున్నాయి.

ఈ కళ్లు మూసుకోవడం చూసి అక్కకి భయం పట్టుకుంది. చూపు పోతోందేమోనని తెనాలి కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. తోడు నేను. డాక్టరు లైటు వేసి చూసి, "కళ్లు లక్షణంగా ఉన్నాయమ్మా. మా ఆయా చీపురు మాత్రం ఇప్పించండి" అన్నాడు. బయట బెంచీ మీద మూడు ఘనాలున్నాయి. శనగలు ఎక్కడివంటారా? ఈ మహానుభావుడు ఇంటిదగ్గరే నానేసి జేబులో పోసుకొచ్చాడు.

ఆ జూన్‌లోనే మా బడిలో ఎనిమిదో తరగతిలో తహసీన్ చేరింది. పుట్టుకతో చూపు లేదు. హెడ్‌మిస్ట్రెస్ హెలెన్ మేడం చెడ్డమనిషేం కాదు. "బొమ్మలు చూడలేని పిల్లని జామెట్రీతో ఏడిపించడం ఎందుకండీ? ఆ గంట లైబ్రరీలో కూర్చోమందాం" అని నాతో కాగితం టైపు చేయించింది. దానిమీద బావ సంతకం కావాలి.

"నాకు లైబ్రరీ వద్దండీ. లెక్కలే కావాలి" అంది తహసీన్, ఆఫీసు గుమ్మం పట్టుకుని.

కాగితం అందుకుని బావ భగ్గుమన్నాడు. "చూపు లేని పిల్లకి లైబ్రరీ పనికొచ్చింది గానీ జామెట్రీ పనికి రాలేదంట్రా?" అంటూ మడిచి డబ్బా చేశాడు. రెండోది తెచ్చాను. అదీ డబ్బా అయింది.

"బావా, సంతకం పెట్టకపోతే మెమో ఇస్తారంట!"

"ఇవ్వమను. కాస్త మందం కాగితం మీద ఇవ్వమను, మడతలు నిలబడతాయి."

మూడోది పిరమిడ్ అయింది. దాన్ని తనే పట్టుకెళ్లి మేడం బల్లమీద పెట్టాడు. "నేను పెట్టను సంతకం. పిల్లని పిలిచి, మీకు తోచింది చేతికిచ్చి అడగండి. చెప్పలేకపోతే నేను లెక్కలు మానేసి డ్రిల్లు చెప్పుకుంటా!"

నేను బావ వంక ఎగాదిగా చూశాను. ఆ పొట్టకి డ్రిల్లా!

మేడం ఆ పిరమిడ్‌నే తహసీన్ చేతిలో పెట్టింది. పిల్ల వేళ్లు నెమ్మదిగా చుట్టూ తిరిగాయి.

"ముఖాలు ఐదండీ. మూలలు ఐదు. అంచులు... ఎనిమిది. పిరమిడ్డండీ." అని మొహం చిట్లించింది. "కానీ మాస్టారు చేసేవైతే పాఠం అయ్యాక మూలలు తినొచ్చు. ఇదేంటండీ, కాగితం?"

అది ఏ కాగితమో ఎవరూ చెప్పలేదు. మేడం నవ్వాపుకుంటూ, "రాజ్ కుమార్ గారూ, నాలుగోది టైపు చేయకండి" అంది.

బయటికొచ్చాక అడిగాను. "ఇంతకీ కళ్లెందుకు మూసుకుంటావు బావా?"

"నేను కళ్లతో చూసి గుచ్చితే ఆ పిల్లకి ఎక్కడ తికమకో నాకెట్టా తెలుస్తుందిరా? ముందు నా వేళ్లు నేర్చుకోవాలి గదా."

ఆ వేళ్లనిండా పుల్లల గాట్లే. నేను చేసిన వెక్కిరింతలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. వెంటనే అక్కకి ఫోన్ చేసి అంతా చెప్పాను.

సాయంత్రం ఇంటికెళ్తే మా ఆవిడ చేతులు నడుముకి పెట్టుకుని నిలబడి ఉంది. "మీ అక్క వచ్చి మన చీపురు పట్టుకెళ్లిందండీ. రేపు తహసీన్‌కి పన్నెండు ముఖాల బొమ్మంట, ముప్పై పుల్లలు కావాలంట. శనగలు తనే నానేసిందంట."

చేసేదేముంది? నేనూ పక్కింటి గడప ఎక్కాను.