డోలు గుండె

ల్వాన్యగా తాత తను చేసే ప్రతి డోలులోనూ, తోలు బిగించే ముందు, ఏదో ఒక చిన్న వస్తువు వేస్తాడు. ఉగాండా దేశంలోని మా బుగాండా ప్రాంతంలో దాన్ని డోలు గుండె అంటారు. అదేమిటో చేసినవాడికి తప్ప ఎవరికీ తెలియకూడదు.

ఆయన డోలు ఎవడో ఎత్తుకుపోయిన కేసు మా కోర్టుకొచ్చింది. నేనక్కడ గుమాస్తాను.

"ఇలాంటివి సంతలో వందుంటాయి. ఇది ఈయనదేనని రుజువేంటి?" అన్నాడు ముద్దాయి లాయరు.

"దాని గుండేంటో నేను ముందే చెప్తా. విప్పి చూస్కోండి," అన్నాడు తాత.

"సాక్ష్యాన్ని విప్పి పాడుచేస్తారా? ఒప్పుకోను!"

"మళ్లీ బిగించడం నాకొచ్చులే బాబూ. ముందు నువ్వు నోరు బిగించు!"

కోర్టంతా గొల్లుమంది. మేజిస్ట్రేటు నబటాంజీ మేడం గారు నవ్వాపుకుని, విప్పమని ఉత్తర్వు ఇచ్చారు.

తాత ఆ మాటేదో ఆమె చెవిలోనూ లాయరు చెవిలోనూ చెప్పి, జనానికి వీపు తిప్పి తోలు విప్పాడు. లోపలికి తొంగిచూసిన లాయరు తెల్లమొహం వేసి, ఆ వెంటనే పగలబడి నవ్వాడు.

"ఇంక నాకు అభ్యంతరం లేదు తాతా!"

ఆ డోలును సాక్ష్యంగా స్వీకరించారు. కేసు గెలిచిన రోజు తాత దాన్ని వరండాలోనే వాయిస్తే, లాయరు కూడా చిందేశాడు.

లోపల ఏముందని సంతలో ఆడవాళ్లు ఇప్పటికీ నన్ను పీక్కుతింటారు. తాత నా భుజం మీదుగా చూస్తుండగా రికార్డులో నేను రాసిందే వాళ్లకీ చెప్తాను: "డోలు ఒకటి, గుండెతో సహా."