బైరప్పకు జొన్నలు

టీకాల కుళ్ళాయప్పకు ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరింటికి వెళ్ళినా తిన్నగా వంటింట్లోకి జొరబడి, కుండల మూతలు తీసి చూసి, "నేనే వైరసు!" అనేవాడు. మర్యాదస్తుడు వాకిట్లో ఆగుతాడు. చుట్టం నడింట్లో కూర్చుంటాడు. కుళ్ళాయప్ప పొయ్యి దగ్గర తేలేవాడు. నలభై అయిదేళ్ళ మనిషి, సర్కారు ఉద్యోగి, కాకీ ప్యాంటు, కాకీ చొక్కా. అలాంటివాడు ఎవరి సంగటి కుండలోనో తల పెట్టి కనబడితే ఆ ఇంటివాళ్ళు ఏమనుకోవాలి?

నేను బత్తలపల్లెకు ఆరు మైళ్ళ దూరంలో ఒక ఊళ్ళో బడి అయ్యవారిని. ఆ బడికి ఉన్నది ఒక్క అయ్యవారే, అది నేనే. కుళ్ళాయప్ప మా ఊరికి వస్తే బడిలోనే మకాం. ఆయన టీకాలు వేస్తుంటే పుస్తకంలో పేర్లు రాసే పని నాది. అందువల్ల ఆయన వంటింటి దండయాత్రలన్నీ నేను కళ్ళారా చూశాను. కొన్నిటిలో దెబ్బలు కూడా పంచుకున్నాను.

అసలు తప్పు మద్రాసుది. యాభై తొమ్మిదిలో ఆయన్ని పదిహేను రోజుల శిక్షణకు అక్కడికి పంపించారు. ఎవరో డాక్టరు తెర మీద మశూచి వైరసు ఫోటో చూపించాడట. ఆ ఫోటో చూసిన మనిషి మళ్ళీ మామూలు మనిషి కాలేదు.

"ఇటికె మాదిరి ఉండాది అయ్యవారూ! మన భూతద్దాలకు కనపడదంట. ఇంత పెద్ద మిషను పెడితే గాని కనపడదంట. ఆ ఇటికె లోపల ఏముండాదో చెప్పు?"

"ఏముండాదన్నా?"

"ఏమీ ల్యా! నోరు ల్యా, కడుపు ల్యా, పొయ్యి ల్యా, కుండ ల్యా. ఒక చీటీ ఉండాది. అంతే!"

ఆ చీటీ సంగతి జిల్లాలో ప్రతి గడపకూ చెప్పితీరాలని ఆయన పంతం. నోటితో చెబితే ఎవరికీ ఎక్కదని, తానే వైరసు వేషం కట్టాడు. మా ఊళ్ళో మొదటి ప్రదర్శన ముసలి హనుమక్క ఇంట్లో జరిగింది. ఆమె సంగటి కెలుకుతుంటే ఈయన వెళ్ళి పక్కన నిలబడి, జేబులోంచి మడిచిన కాగితం తీశాడు.

"అవ్వా, మన ఒంట్లో కోట్ల కణాలుండాయి. ఒక్కొక్క కణం ఒక్కొక్క ఇల్లు. నీ ఇల్లు ఒక కణమనుకో."

"ఇల్లు ఇల్లేననుకుంటా. నువ్వు బయటికి పో."

"నేను వైరసు. నాకు పొయ్యి ల్యా. నీ పొయ్యి కాడికొచ్చి ఈ చీటీ ఇస్తా. దీంట్లో 'కుళ్ళాయప్ప మాదిరోళ్ళను నూరుమందిని వండు' అని రాసుండాది. చీటీ చూస్తానే నువ్వు నీ మనవళ్ళ సంగటి ఆపేసి కుళ్ళాయప్పలను వండేదానికి కూర్చుంటావు."

"నాకేం కర్మ?"

"కణానికి అదే తెల్దు అవ్వా! చీటీ ఎవురు రాసినారో అడగదు. రాసింది చేసేస్తాది. నీ పిండి, నీ నీళ్ళు, నీ కట్టెలు అన్నీ అయిపోతాయి. నూరుమంది కుళ్ళాయప్పలు తయారై, ఇల్లు పగలగొట్టుకొని పక్కింటికి పోతారు. ఆడ మళ్ళా ఒక్కొక్కడికి నూరుమంది. ఊరంతా కుళ్ళాయప్పలే! దాన్నే జబ్బంటారు."

హనుమక్క ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఒక్కడికే తట్టుకోలేకుండాం, పో నాయనా" అంది.

వైరసు అన్న మాట మా ఊళ్ళో ఎవరి నోరూ తిరగలేదు. వారం తిరక్కుండా అది బైరప్ప అయి కూర్చుంది. జలుబు చేస్తే బైరప్ప, గవదలు వస్తే బైరప్ప. "గోరంట్ల కాడ మా చిన్నమ్మ మొగుడు కూడా బైరప్పనే సామీ. ఆయప్ప ఎవురింట్లోనూ దూరడు, శానా మంచోడు" అని మా ఊరి రైతు నాగన్న రచ్చకట్ట మీద గంటసేపు వాదించాడు. ఆ తర్వాత కుళ్ళాయప్పను కూడా జనం చాటుగా బైరప్ప అనడం మొదలుపెట్టారు.

అందరూ నవ్వి ఊరుకున్నారుగాని, పెద్ద రైతు భార్య లక్ష్మీదేవమ్మ ఇంట్లో మాత్రం బైరప్పకు తగిన మర్యాద జరిగింది. స్నానం చేయకపోతే కన్నకొడుకును కూడా వంటింటి గడప తొక్కనివ్వని మనిషి ఆమె. ఈయన చెప్పులతో లోపలికి నడిచి, పాలదుత్త మూత తీశాడు. సంగటి కట్టె ఆయన వీపు మీద రెండుసార్లు పడింది. పుస్తకం పట్టుకుని వెనకే ఉన్న పాపానికి నా మీద ఒకసారి పడింది. కుళ్ళాయప్ప పరుగెత్తుతూ కూడా ఆనందం పట్టలేకపోయాడు.

"చూస్తివా అయ్యవారూ! రక్తంలో కావలోళ్ళుంటారని చెప్పలే? ఈయమ్మే!"

వారం తర్వాత మేము వాళ్ళ సందు మలుపు తిరిగామో లేదో, లక్ష్మీదేవమ్మ అప్పటికే కట్టెతో వాకిట్లో నిలబడి ఉంది. కుళ్ళాయప్ప కళ్ళు మెరిశాయి.

"ఈసారి వంటింటి దాకా రానీలే! ముఖం గుర్తు పెట్టుకునింది. టీకా అంటే ఇంతే అమ్మా! మశూచికి దాయాది ఒకడుండాడు. వాడు పెద్దగా చెరుపు చేసేవాడు కాదు. వాణ్ణి ముందుగా లోపలికి పంపి నాలుగు దెబ్బలు తినిపిస్తే, కావలోళ్ళు ఆ వంశం ముఖం మర్చిపోరు. రేపు అసలోడొస్తే సందు మొదట్లోనే పట్టుకుంటారు."

"టీకాలు వేస్తే పోతావా?"

"పోతానమ్మా."

"అయితే వెయ్యప్పా! ఇంట్లో వాళ్ళకే కాదు, జీతగాళ్ళకు కూడా వెయ్యి!"

ఆ ఒక్క ఇంట్లో ఆ రోజు పద్నాలుగు టీకాలు వేశాం.

అరవై అయిదులో వాన మొహం చాటేసింది. విత్తిన చెనిక్కాయ విత్తినట్టే భూమిలో ఎండింది. కూలి పనులు లేవు. సరిగ్గా అప్పుడే కొండవతలి ఊళ్ళో అమ్మవారు పోసిందని, ముగ్గురు పోయారని కబురొచ్చింది. కుళ్ళాయప్ప మందు గొట్టాలను కుండలో పెట్టి, తడి గోనె చుట్టి, నెత్తిన పెట్టుకుని పరుగున వచ్చాడు. వింత ఏమిటంటే కింద పంచె కట్టుకున్నాడు.

"ప్యాంటు ఏమాయనన్నా?"

"ఎండలప్పా. గాలాడొద్దా?"

ఈసారి ఆయన పిచ్చి ఇంకా ముదిరింది. ఒకటి రెండు కుండలతో ఆగకుండా ప్రతి మూతా తీసేవాడు. ధాన్యం బానల్లో భుజం దాకా చెయ్యి పెట్టి అడుగు తడిమేవాడు. కణం లోపలి సంగతులు బాగా అర్థం కావాలంటే అడుగు చూడాలనేవాడు. నేను నమ్మాను.

ఊరి చివర కూలి నల్లమ్మ ఇంటి దగ్గర మా పని ఆగిపోయింది. మొగుడు లేడు, ఇద్దరు ఆడపిల్లలు. ఆమె గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడింది.

"టీకా వద్దు సామీ. లోపలికి రావద్దు."

"నల్లమ్మా, కొండవతల ముగ్గురు పోయినారు. పిల్లోళ్ళ మింద దయ ల్యాదా నీకు?" అని నేను గద్దించాను.

"నా పిల్లోళ్ళు నాకు తెల్దా అయ్యవారూ? లోపలికి మాత్రం రావద్దు" అంది, తల దించుకుని.

అమ్మవారికి కోపం వస్తుందని భయపడుతోందనుకున్నాను. కుళ్ళాయప్ప ఆమె ముఖం చూశాడు. పొగ లేని ఇంటి కప్పు చూశాడు. తర్వాత జీవితంలో మొదటిసారి బయటే కూర్చున్నాడు. ఆయనకు జ్వరమొచ్చిందేమోనని నాకు భయం వేసింది.

"సరే నల్లమ్మా, నేను లోపలికి రాను. నాకొక చిక్కొచ్చింది, నువ్వే దారి చెప్పు. బైరప్పకు సొంత పొయ్యి ల్యా కదా?"

"ల్యాదంటివి కదా సామీ."

"ఈ టీకాలో ఉండేవాడు కూడా బైరప్పనే. ఒంట్లోకి దిగినాక వాడు వండుకోవాల. వండేదానికి ఏమీ ల్యాకుంటే అలిగి వచ్చేస్తాడు. టీకా పట్టదు. అందుకని సర్కారు బైరప్పకు జొన్నలు పంపిస్తాండాది."

"మాకెవురి జొన్నలూ వద్దు."

"నీకెవురిచ్చినారు? బైరప్పకు!"

నల్లమ్మ అడ్డంగా చాచిన చేతులు దించింది.

"బైరప్ప తిన్నాక మిగిలితే?"

"పారేయకూడదు. రూలు. ఇంట్లో పిల్లోళ్ళు తినాల."

ఆమె పిల్లలిద్దరినీ బయటికి పిలిచింది. వాకిట్లోనే టీకాలు పడ్డాయి. మర్నాడు ఆ గుమ్మం దగ్గర పొడుగాటి, సన్నటి కాకీ సంచి నిండా జొన్నలున్నాయి. అలాంటి సంచులు ఊళ్ళో మొత్తం నాలుగిళ్ళకు వచ్చాయి. పదిహేను రోజులకోసారి కుళ్ళాయప్ప వాటిని మళ్ళీ నింపి తెచ్చేవాడు.

నాకు ఒళ్ళు మండింది.

"నేనూ వేయించుకుంటి కదన్నా టీకా? నా బైరప్పకేవీ జొన్నలు?"

"నీ బైరప్ప బలిసినోడు అయ్యవారూ. మీ అటక మింద రెండు మూటలు చూసినా."

ఆ మాటకు నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. చదువుకున్నవాణ్ణి కదా, 'వైరసు జొన్నల పంపిణీలో పక్షపాతం' అని పై ఆఫీసుకు అర్జీ రాసి పడేశాను. పదో రోజున జీపు వచ్చి బడి ముందు ఆగింది. దాంట్లోంచి ఆఫీసరు దిగాడు. కుళ్ళాయప్ప ముఖం పాలిపోయింది.

"అయ్యవారూ, నువ్వేమన్నా రాసినావా?"

"జీవో నంబరు అడిగినా, అంతే."

"జీవో యాడుండాదప్పా! అవి మా చేని జొన్నలు. మా తమ్ముడు పోయినేడువి నా పాలు పంపించినాడు. నాకు ఇంట్లో పొయ్యా పాడా? ఊరూరా ఎవురో ఒకరు సంగటి పెడతానే ఉండారు. ఊరికే పురుగు పడతాయని తెచ్చిస్తి. సర్కారు పేరు చెప్పినందుకు ఇప్పుడు ఉద్యోగం పీకేస్తారు."

అర్జీ రాసిన చెయ్యి ఎక్కడ దాచుకోవాలో నాకు తెలియలేదు. చాలా సిగ్గుపడ్డాను. ఈలోగా ఆఫీసరు ఆడవాళ్ళందరినీ బడిలో కూర్చోబెట్టి విచారణ మొదలుపెట్టాడు.

"జొన్నలిచ్చింది ఎవరు?"

నల్లమ్మ లేచింది. కుళ్ళాయప్ప కళ్ళు మూసుకున్నాడు.

"బైరప్ప, సామీ."

"ఏ డిపార్టుమెంటు?"

"తెల్దు సామీ. కంటికి కనపడడు. ఇంత పెద్ద మిషను పెడితే గాని కనపడడంట."

"ఎక్కడుంటాడు?"

"ఆయప్పకు పొయ్యి ల్యా, కుండ ల్యా. ఎవురింట్లో దూరితే ఆ ఇల్లే."

"చేతిలో ఆర్డరేమైనా ఉందా?"

"ఒక చీటీ ఉంటాదంట."

"చీటీలో ఏం రాసి ఉంది?"

"తన మాదిరోళ్ళను నూరుమందిని తయారు చేయమని ఉంటాదంట సామీ. చేస్తే బాగుండు."

ఆఫీసరు చెమట తుడుచుకుని, కాస్త తెలివిగా కనబడిన లక్ష్మీదేవమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, మీరు చూశారా ఈ బైరప్పను?"

"చూసినా. కట్టె తీసుకొని రెండు దెబ్బలు కూడా కొట్టినా."

ఆఫీసరు నోటుబుక్కు మూసేశాడు. "టీకాలన్నీ పడ్డాయా?" అని మాత్రం అడిగాడు. ఒక్కటీ వదల్లేదని పుస్తకం చూపించాను. ఆయన జీపెక్కి వెళ్ళిపోయాడు. అర్జీదారుకు మతి స్థిమితం లేనట్టుంది, విశ్రాంతి అవసరం అని రిపోర్టు రాశాడట. నాకు మూడు రోజులు సెలవు మంజూరైంది.

జీపు దుమ్ము అణిగాక నల్లమ్మను ఆపి అడిగాను.

"వైరసు జొన్నలు తింటాదని నిజంగా నమ్మినావా?"

"సర్కారు యాడన్నా జొన్నలను ప్యాంటు కాళ్ళలో పోసి పంపిస్తాదా అయ్యవారూ? మోకాలు కాడ అతుకు కూడా అట్లే ఉండాది."

"తెలిసి కూడా ఎందుకు ఊరుకుంటివి?"

"ఆయప్ప అంత కష్టపడి అబద్ధం చెప్తాండాడు. నమ్మకుంటే బాగుంటాదా?"

అమ్మవారు ఆ ఏడు కొండ దిగి మా ఊళ్ళోకి రాలేదు. మరుసటేడు వానలు బాగా పడ్డాయి, పనులు మొదలయ్యాయి. కుళ్ళాయప్ప పంచె కట్టుకుని నల్లమ్మ ఇంటి ముందు నుంచి పోతుంటే ఆమె కేకేసింది.

"ఏమప్పా బైరప్పా, యాడికి పోతాండావ్? లోపలికి రా!"

అప్పటికే కుండల మూతలన్నీ తానే తీసి పెట్టింది. కుళ్ళాయప్ప బానలో చెయ్యి పెట్టాడు. మణికట్టు మునిగేసరికే జొన్నలు తగిలాయి. ఆయన జేబులోంచి చీటీ తీసి, గొంతు సవరించుకుని, "నేనే వైరసు" అని మొదలుపెట్టేలోపే ఆమె కంచంలో సంగటి ముద్ద పెట్టి, పక్కన ఒక ప్యాంటు పెట్టింది. నాలుగిళ్ళ నుంచీ నాలుగు కాళ్ళూ పోగు చేసి, వాటిలో రెండు మంచివి ఏరి కుట్టింది. కుట్టడంలో ఒక కాలు వెనకది ముందుకొచ్చి, మోకాలి అతుకు పిక్క పైకి పోయింది. కుళ్ళాయప్ప ఉద్యోగం చేసినంత కాలం దాన్నే తొడిగాడు.

ఆ రోజు మూడు ముద్దలు లాగించి, ప్యాంటు చంకలో పెట్టుకుని బయటికొచ్చి, ఇంకా మడత విప్పని చీటీ నాకు చూపించాడు.

"చూస్తివా అయ్యవారూ? ఈ కణం చీటీ చూడకుండానే వండేసినాది!"